క్రీమా, ఒడా, మత్తు మందా? ఆసుపత్రిలో పిల్లల నొప్పికి ఏది ఎప్పుడు

మా వాడికి తొమ్మిదేళ్ళు. 11వ నెలలో తలసీమియా (ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బు) అని తేలింది. అప్పట్నుంచి మూడు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి రక్తం ఎక్కించాల్సిందే. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్. పొద్దున్నే బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోతాం, రాత్రికి తిరిగొస్తాం. లెక్కేస్తే ఈ ఎనిమిదేళ్ళలో వాడి చేతుల్లోకి దిగిన కాన్యులాలు (సూదితో నరంలోకి దించే సన్న గొట్టాలు) వంద దాటాయి. మొదటి ముప్పై నలభై సార్లు నేను చేసినవన్నీ తప్పులే.

రెండేళ్ళప్పుడు ఒక ఆసుపత్రిలో (పేరెందుకులెండి) వాణ్ణి టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురం పట్టుకున్నాం. ఒకరు కాళ్ళు, ఒకరు భుజాలు, ఒకరు తల, నేను చెయ్యి. ఐదో పోటుకి గానీ నరం దొరకలేదు. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు తెల్లబట్ట కనబడితే చాలు ఏడుపే. క్షౌరానికి తీసుకెళ్తే మెడకి చుట్టే తెల్లగుడ్డ చూసి షాపులోంచి రోడ్డు మీదికి పరుగెత్తాడు. సూది నొప్పి అరనిమిషం, పట్టుకున్న భయం ఆర్నెల్లు. ఈ రెండూ వేరువేరు సంగతులని నాకు ఆ మంగలి షాపు ముందే అర్థమైంది. నొప్పికి మందుంది. భయానికి వేరే ఉపాయాలు కావాలి. ఏది దేనికి పనికొస్తుందో తెలియక ఒకదాని బదులు ఇంకోటి వాడతాం.

నేను డాక్టర్ని కాదు. వార్డుల్లో కూర్చుని చూసినవి, ఓపిగ్గా చెప్పే డాక్టర్లు, సిస్టర్లు చెప్పినవి రాస్తున్నాను. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి పిల్లల బరువుని బట్టి డాక్టరే చెప్పాలి.

ఎంచుకునే ముందు మూడు సంగతులు చూసుకోండి. సూది ఎప్పుడో ముందే తెలుసా, లేక ఇప్పటికిప్పుడా? నొప్పి అరనిమిషమా, అరగంటా? పిల్ల వయసెంత? ఈ మూడింటికీ జవాబులు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే.

మొద్దుబార్చే క్రీము: గంట టైముంటేనే

లిడోకెయిన్, ప్రైలోకెయిన్ అనే రెండు మందులు 2.5 శాతం చొప్పున కలిపిన క్రీము ఇది. డాక్టరు చీటీ రాస్తే పెద్ద మందుల షాపుల్లో దొరుకుతుంది. చిన్న ఊళ్ళలో ఒక్కోసారి తెప్పించుకోవాలి. సూది పడే చోట మందంగా పెట్టి, పైన పారదర్శకంగా ఉండే అంటు ప్లాస్టర్ వేసి, కనీసం 60 నిమిషాలు వదిలేయాలి. రుద్దకూడదు, పూతలాగా అలాగే ఉండాలి. గంట తర్వాత చర్మం పైభాగం మొద్దుబారుతుంది. కాన్యులా, రక్త పరీక్ష, పోర్టు సూది (చర్మం కింద అమర్చిన మందు డబ్బీలోకి గుచ్చేది) లాంటి వాటికి దీన్ని మించింది నేను చూడలేదు.

చిక్కల్లా ఆ గంట దగ్గరే. ఫిట్స్‌తోనో, ఒళ్ళు కాలే జ్వరంతోనో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిన పిల్లకి క్రీము పెట్టి గంట ఆగుదామంటే కుదరదు. మా లాంటి నెలవారీ వాళ్ళకి మాత్రం ఇది వరం. బస్సు ఇంకో గంటలో దిగుతామనగా నేను కిటికీ పక్క సీట్లో కూర్చుని రెండు చోట్ల పెడతాను. ఒకటి ఎడమ చేతి వెనక, ఇంకోటి కుడి మోచేతి మడతలో. ఒక చోట నరం దొరక్కపోతే రెండో చోటుంటుంది. ఒకే చోట పెట్టి, అక్కడ దొరక్క మొద్దుబారని చోట గుచ్చినప్పుడు వాడు నా మొహం చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇంకో రెండు సంగతులు ఎవరూ చెప్పరు. క్రీము పెట్టిన చోట చర్మం పాలిపోతుంది, నరం కొంచెం ముడుచుకుంటుంది. అందుకే తుడిచాక ఓ పది నిమిషాలు ఆగి, గోరువెచ్చని తడిగుడ్డ చుట్టి, చెయ్యి కిందికి వేలాడదీస్తే నరం మళ్ళీ పైకి తేలుతుంది. దారిలో నీళ్ళు బాగా తాగించండి. ఒంట్లో నీళ్ళు తక్కువైతే క్రీము ఎంత మంచిదైనా సూదికి నరం దొరకదు.

అందరికీ పనికిరాదు కూడా. మూడు నెలల్లోపు పసివాళ్ళకి, జీ6పీడీ లోపం (ఎర్రకణాలు తేలిగ్గా చిట్లిపోయే పుట్టుక లోపం) ఉన్నవాళ్ళకి డాక్టర్ని అడగకుండా పెట్టొద్దు. ప్రైలోకెయిన్ వల్ల అరుదుగా రక్తం ఆక్సిజన్ మొయ్యలేని స్థితి వస్తుంది, పెదాలు నీలంగా మారతాయి. మా దక్షిణ ఒడిశా కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే జబ్బు), జీ6పీడీ లోపం రెండూ కనిపిస్తాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. పుండు మీద, చిట్లిన చర్మం మీద పెట్టకూడదు. పిల్ల నాకకుండా చూసుకోవాలి.

ఒడి: పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ అడగరు

పడుకోబెట్టి పట్టుకోవడం పెద్దవాళ్ళకి సుఖం, పిల్లలకి కాదు. వెల్లకిలా పడుకున్న పిల్లకి పైనుంచి వంగే మొహాలు తప్ప ఇంకేం కనబడవు. అదే ఒడిలో నిటారుగా కూర్చోబెడితే భయం సగం తగ్గుతుంది. ఇది నా సొంత కవిత్వం కాదు. టీకాల నొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల్లో పిల్లల్ని ఒడిలో, నిటారుగా పట్టుకోమనే ఉంది.

ఎలాగంటే, పిల్ల ఛాతీ నా ఛాతీకి ఆనుకునేలా ఎదురుగా కూర్చోబెట్టుకుంటాను. వాడి కాళ్ళు నా నడుముకి అటూ ఇటూ. సూది పడే చెయ్యి నా చంక కింద నుంచి వెనక్కి వస్తుంది. అక్కడ సిస్టర్ స్టూలు వేసుకుని కూర్చుంటారు. రెండో చెయ్యి నా మెడ చుట్టూ. నేను బిగించి పట్టుకుంటున్నానని వాడికి తెలీదు, కావిలించుకున్నానని అనుకుంటాడు. చెయ్యి మాత్రం కదలదు. ఏడెనిమిదేళ్ళు దాటాక ఎదురుగా పట్టదు, పక్కకి తిప్పి కూర్చోబెట్టుకోవాలి.

కొందరు సిస్టర్లు ఒప్పుకోరు, టేబుల్ మీద అలవాటు. గొడవ పెట్టుకోకుండా, "ఒక్కసారి ఇలా చూడండి దిదీ, కదిలితే మీరు చెప్పినట్టే పడుకోబెడతా" అన్నాను. ఒక్కసారి చెయ్యి కదలకుండా ఉండేసరికి తర్వాత వాళ్ళే స్టూలు తెచ్చుకున్నారు.

ఇంకో మాట. రెండుసార్లు గుచ్చినా నరం దొరక్కపోతే ఇంకొకర్ని పిలవమని అడగండి. తప్పు లేదు. అలసిన చేతికి మూడోసారి మొదటిసారి కంటే కష్టం. రక్త పరీక్షకి కావాల్సిన రక్తం కాన్యులా పెట్టేటప్పుడే తీసుకోమని కూడా అడగండి. ఒక పోటు తగ్గిందంటే ఏ క్రీము కన్నా అది నయం.

ఫోనా, పనా?

ధ్యాస మళ్ళిస్తే సూది నొప్పి తగ్గుతుందని చాలా పరిశోధనలు చెప్పాయి. రెండేళ్ళ పిల్లల నుంచి పెద్ద పిల్లల దాకా ఇది పనిచేస్తుందని వాటన్నిటినీ కలిపి చూసిన సమీక్షల్లో తేలింది. మనం చేసేది ఫోన్లో కార్టూన్ పెట్టి చేతికివ్వడం. మూడేళ్ళ పిల్లకి అది సరిపోతుంది. ఐదేళ్ళు దాటితే సరిపోదు. వాడి కళ్ళు తెర మీద, చెవులు సిస్టర్ ట్రే మీద. స్టీల్ ట్రే చప్పుడు కాగానే ఫోను కింద పడేస్తాడు. చూసే వినోదం కంటే చేసే పని గట్టిది. ఊపిరి ఊదే పని, లెక్కపెట్టే పని, జ్ఞాపకం చేసుకునే పని, ఇలా బుర్రని కాసేపు పట్టుకునేది ఏదైనా.

మా వాడి అమ్మమ్మ ఊరు టెక్కలి. సెలవులొస్తే గుణుపూర్ రైలెక్కి పోతాడు. దారిలో స్టేషన్లన్నీ నోటికొచ్చు. ఆరేళ్ళప్పుడు ఒకసారి స్పిరిట్ దూది చేతికి తగలగానే బిగుసుకుపోతుంటే, "రైలు గుణుపూర్‌లో కదిలింది, తరువాతేంటి?" అన్నాను. "కాశీనగర్." "తరువాత?" "పర్లాకిమిడి. అక్కడ సమోసా." "తరువాత?" "పాతపట్నం." ఆ మాట మీదే సూది దిగింది. ముక్కు చిట్లించాడు, పీల్చాడు, "టెంబూరు" అన్నాడు. టెక్కలి వచ్చేసరికి సిస్టర్ టేపు అంటిస్తోంది. ఏడవలేదని కాదు, నౌపడా దగ్గర కొంచెం ఏడ్చాడు. కానీ చెయ్యి లాక్కోలేదు.

అంతకంటే చిన్నపిల్లలకి సబ్బు బుడగలు మంచి పని. బుడగ ఊదాలంటే ఊపిరి మెల్లగా వదలాలి. మెల్లగా ఊపిరి వదులుతూ బిగుసుకుపోవడం కష్టం. బడికెళ్ళే పిల్లలకి దగ్గు ఉపాయం ఉంది. ఒకసారి దగ్గమని, రెండో దగ్గు దగ్గుతున్నప్పుడు సూది వేస్తారు. ఒక్క పోటుతో అయిపోయే ఇంజెక్షన్లకే ఇది పనికొస్తుంది. నరం వెతికే పనిలో పనికిరాదు, ఊరికే దగ్గీ దగ్గీ పిల్లకి విసుగొస్తుంది.

"ఏం కాదు, ఏం కాదు"

నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే, అందుకని కాస్త ఎక్కువ రాస్తున్నాను. పిల్లాడు భయపడుతుంటే మన నోటికి వచ్చే మాట "ఏం కాదు నాన్నా, ఏం కాదు". పరిశోధకులు సూది గదుల్లో తల్లిదండ్రుల మాటలు రికార్డు చేసి చూస్తే ఈ ఊరడింపు మాటలు ఎక్కువైనప్పుడు పిల్లల బాధా ఎక్కువగానే కనబడింది. వింతగా అనిపిస్తుంది గానీ ఆలోచిస్తే సరే. మామూలుగా ఇంట్లో "ఏం కాదు" అని ఎప్పుడంటాం? ఏదో అవుతున్నప్పుడే. అన్నం తింటున్నప్పుడు "ఏం కాదు" అనం కదా. పైగా అమ్మ గొంతు వణుకుతూ ఉంటుంది. పిల్లాడు మాటని కాదు, గొంతుని వింటాడు.

"అసలు నొప్పే ఉండదు" అన్న అబద్ధం ఇంకా చెడ్డది. ఒకసారి పనిచేస్తుంది. రెండోసారి మనం ఏం చెప్పినా నమ్మడు. కుక్క కరిచిన పిల్లల సంగతి చూడండి. రేబిస్ టీకాకి ఇంట్రాడెర్మల్ (చర్మం పొరలో వేసే) పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు వెళ్ళాలి. మొదటి రోజు అబద్ధం చెప్పి సూది వేయిస్తే మిగతా మూడుసార్లు లాక్కుని పోవాలి.

మరేం చెప్పాలి? ఉన్నది చెప్పాలి, చిన్నగా, ముందుగా. "చీమ కుట్టినట్టుంటాది, పది లెక్కపెట్టేలోపు అయిపోతాది. చెయ్యి కదపకుండా ఉంచడం నీ పని, లెక్క నా పని." చిన్నపిల్లలకి ఐదు నిమిషాల ముందు చెబితే చాలు. వారం ముందు చెబితే వారమంతా నిద్రపోరు. ఏడెనిమిదేళ్ళ వాళ్ళకి ముందు రోజే చెప్పాలి, వాళ్ళకి ఆలోచించుకునే టైము కావాలి. ఎంపిక నిజంగా ఉన్న చోటే ఇవ్వండి. "ఏ చెయ్యి? చూస్తావా, అటు తిరుగుతావా?" ఇవి నిజమైన ఎంపికలు. "సూది వేయించుకుంటావా?" అని అడగొద్దు. వద్దంటే ఏం చేస్తారు?

"మగపిల్లాడివి ఏడుస్తావా", "అదిగో ఆ పాప చూడు ఎంత బుద్ధిగా ఉందో", "అల్లరి చేస్తే సూదేయిస్తా" — ఈ మూడూ మన ఇళ్ళలో రోజూ వినబడతాయి. మూడోది మా అత్తగారి చేత మాన్పించడానికి రెండేళ్ళు పట్టింది.

మంచు, వైబ్రేషన్, రుద్దడం

దెబ్బ తగిలిన చోట రుద్దితే నొప్పి ఎందుకు తగ్గుతుందో 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిదుందని, రాపిడి కబురు ముందు చేరితే నొప్పి కబురుకి దారి ఇరుకవుతుందని. ఆ దారిలోనే సూది పడే చోటికి కొంచెం పైన మంచుముక్క, చిన్న వైబ్రేషన్ పరికరం పెట్టే పద్ధతులు వచ్చాయి. క్రీముకి టైము లేనప్పుడు ఇవి అక్కరకొస్తాయి. నావరకు పరికరం కొనడం కంటే చేత్తో గట్టిగా రుద్దడమే మేలనిపించింది. కొందరు పిల్లలకి ఆ చల్లదనమే పడదు, అదే ఇంకో ఏడుపు.

సికిల్ సెల్ పిల్లలకి మాత్రం మంచు పెట్టనే పెట్టొద్దు. చలి తగిలితే ఎర్రకణాలు కొడవలిలా వంగి చిన్న రక్తనాళాలు మూసుకుపోవచ్చు. ఆ పిల్లలకి వెచ్చదనమే మంచిది. మా వార్డులో సగం మంచాలు వాళ్ళవే. ఎవరో మంచి మనసుతో ఐస్ ప్యాక్ ఇస్తే వద్దనడం తల్లిదండ్రులకి తెలిసుండాలి.

చంటిపిల్లలైతే

పసివాళ్ళకి నొప్పి సరిగ్గా తెలియదని ఒకప్పుడు డాక్టర్లే నమ్మేవారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి సరైన మత్తు మందు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. భారత సంతతి డాక్టరు కన్వల్జీత్ సింగ్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో ఆ నమ్మకం తప్పని చూపించారు. నొప్పి మందు ఇచ్చిన పసివాళ్ళు ఆపరేషన్‌ని బాగా తట్టుకున్నారు. అంత ఈమధ్యదాకా లోకం అలా నడిచింది.

ఆర్నెల్లలోపు పిల్లకి అమ్మపాలే మొదటి ఎంపిక. సూదికి ముందు మొదలుపెట్టి, సూది పడేటప్పుడూ, తర్వాతా పాలు తాగుతూనే ఉండాలి. గొంతుకి అడ్డుపడుతుందని కొందరు ఆపేస్తారు, ఆ భయం అక్కర్లేదు. పాలిచ్చే వీలు లేకపోతే సూదికి రెండు నిమిషాల ముందు నాలుక మీద కొన్ని చుక్కల 24 శాతం చక్కెర నీళ్ళు. దీన్ని ఆసుపత్రిలో సిస్టర్లే ఇస్తారు. మన పెద్దవాళ్ళు తేనె నాకిస్తారు. ఏడాదిలోపు పిల్లకి తేనె వద్దే వద్దు, అందులో ఉండే ఒక సూక్ష్మజీవి పసివాళ్ళకి ప్రమాదం.

నెలల పిల్లకి రక్తం తియ్యాలంటే మడమ మీద గుచ్చడమా, నరం నుంచి తియ్యడమా? చెయ్యి తిరిగిన వాళ్ళుంటే నరం నుంచి తియ్యడమే తక్కువ నొప్పి. మడమని పిండడం చూసేవాళ్ళకే కడుపులో దేవేస్తుంది.

టీకాల రోజు వరస కూడా చూడండి. రోటావైరస్ చుక్కలు సూదుల కంటే ముందు, బాగా మండే టీకా చివర. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ ఆ చుక్కలు 2016 నుంచే ఉన్నాయి కాబట్టి ఇటు వేయించినా అటు పుట్టింట్లో వేయించినా అడగొచ్చు.

కట్లు, కాలిన గాయాలు, ఎముకలు: ఇక్కడ ఊదడం చాలదు

ఇంతవరకు చెప్పినవన్నీ అరనిమిషం నొప్పికి. అరగంట నొప్పికి అవే వాడితే అన్యాయం. రెండేళ్ళ కిందట పక్క మంచం మీద నాలుగేళ్ళ పాప. పొయ్యి మీద గంజి ఒలికి తొడ కాలింది. కట్టు మార్చేటప్పుడు గాజుగుడ్డ పుండుకి అంటుకుపోయి ఉంటే పొడిగానే లాగారు. వార్డంతా చెవులు మూసుకుంది. అలాంటప్పుడు అడగాల్సినవి ఇవి. కట్టుని సెలైన్‌తో బాగా తడిపి, నానాక తీస్తారా? కట్టు మార్చే టైము ముందే చెబితే అరగంటో ముప్పావు గంటో ముందు నొప్పి మందు పడుతుందా? గాయం పెద్దదైతే మత్తు ఇచ్చి మారుస్తారా? ఆ పాపకి తర్వాతి కట్టు అలాగే మార్చారు. వాళ్ళ అమ్మ అడిగింది, అంతే తేడా.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. స్కానింగ్‌కి ముందు ఇచ్చే ట్రైక్లోఫాస్ లాంటి నిద్ర సిరప్ నొప్పి మందు కాదు. మిడజోలం కూడా అంతే. అది భయం తగ్గిస్తుంది, జరిగింది కాస్త మరిపిస్తుంది, నొప్పిని తగ్గించదు. నిద్రపోయిన పిల్లకి నొప్పి లేదనుకుని ఎముక లాగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఎముక సరిచెయ్యడం, పెద్ద కట్లు, కుట్లు లాంటి వాటికి కెటామిన్ లాంటి మత్తు కావాలి. అది ఇవ్వాలంటే శిక్షణ ఉన్న డాక్టరు, ఆక్సిజన్, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉండాలి. లేని చోట పెద్దాసుపత్రికి పంపమని అడగడం మేలు. మా వైపు నుంచి బరంపురం పోవాలి, లేకపోతే రైలెక్కి విశాఖ కేజీహెచ్‌కి. కడుపు ఖాళీగా ఉండాలి. మామూలుగా తేలికపాటి తిండికి ఆరు గంటలు, తల్లిపాలకి నాలుగు, మంచినీళ్ళకి రెండు. ఏడుస్తోందని మధ్యలో బిస్కెట్ పెడితే అంతా మొదటికొస్తుంది.

నోటి మందుల్లో పారాసెటమాల్ మంచిదే, కానీ సూది పోటుని అది ఆపదు. సూది తర్వాత సలుపుకి, కట్టుకి ముందు పనికొస్తుంది. ఐబుప్రొఫెన్ వాపుతో కూడిన నొప్పికి బాగుంటుంది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు, వాంతులు విరేచనాలతో నీరసించినప్పుడు వద్దు. నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పి మందుని 12 ఏళ్ళలోపు పిల్లలకి మన దేశంలో 2011లోనే నిషేధించారు. అయినా ఎప్పుడో రాసిన పాత చీటీ పట్టుకుని కొనేవాళ్ళు ఇప్పటికీ కనబడతారు. జ్వరం పిల్లకి ఆస్పిరిన్ వద్దు, 12 ఏళ్ళలోపు కొడీన్ (కొన్ని దగ్గు, నొప్పి మందుల్లో ఉంటుంది) వద్దు.

సికిల్ సెల్ నొప్పి వేరే జాతి. ఎముకల్లోంచి వచ్చే ఆ పోటుకి కథలు చెప్పి కూర్చోకూడదు. గట్టి నొప్పికి మార్ఫిన్ కావాలి, డాక్టరు ఇస్తానంటే "అలవాటైపోతుందేమో" అని తల్లిదండ్రులు అడ్డుపడకండి. డాక్టరు చూసుకుంటూ ఇచ్చే మోతాదుల్లో ఆ భయం కంటే పిల్ల పడే బాధే పెద్దది. 2014లో మత్తు పదార్థాల చట్టం మార్చాక ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించుకోవడం కొంత సులువైంది. హైడ్రాక్సీయూరియా అనే సికిల్ సెల్ మందు మానకుండా వేసుకుంటే ఈ నొప్పులు వచ్చేదే తగ్గుతుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో ఒడిశా కూడా ఉంది, పరీక్ష చేయించుకోని వాళ్ళు చేయించుకోండి.

సూదే అక్కర్లేకపోతే?

అన్నిటికంటే తక్కువ నొప్పి సూది లేకపోవడం. మన వైపు సూది మందు పడకపోతే వైద్యమే జరగలేదనుకుంటారు. సిరప్ రాసిస్తే "ఒక ఇంజెక్షన్ వెయ్యండి బాబూ" అని మనమే అడుగుతాం. చాలా రకాల చిన్నపిల్లల న్యుమోనియాకి నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. "నోటి మందు కుదురుతుందా డాక్టరుగారూ?" అని అడగడానికి డబ్బులు అక్కర్లేదు.

నొప్పి ఏ భాషలో చెప్పాలి

ఇది సరిహద్దు జిల్లాల వాళ్ళకే తెలిసిన తంటా. ఇంట్లో పిల్లాడు తెలుగు, వార్డులో సిస్టర్ ఒడియా. మా వాడు మూడేళ్ళప్పుడు "మంట, మంట" అని అరిచాడు. కాన్యులాలోంచి మందు నరం బయటికి పోయి చెయ్యి ఉబ్బుతోంది. సిస్టర్‌కి అర్థం కాలేదు, మారాం చేస్తున్నాడనుకుంది. అప్పుడు నేను టీ తాగడానికి కిందికెళ్ళాను. ఆ వాపు తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది.

అందుకే నాలుగు మాటలు నేర్పాను. మంటగా ఉంటే "పొడుఛి", తల నొప్పయితే "ముండ బింధుఛి", కడుపులో నొప్పయితే "పెట కాటుఛి". సిస్టర్లకి కూడా మన మాటలు నేర్పొచ్చు. ఇప్పుడు మా వార్డు దిదీ "టికే కష్ట హెబ" అని మొదలుపెట్టి, "కొంచెం నొప్పి, కొంచెం" అని తెలుగులో ముగిస్తుంది.

మాటలు రాని వయసులో, సిగ్గుపడే పిల్లల్లో మొహాల బొమ్మలు ఉపయోగం. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఆరు బొమ్మలుంటాయి, మూడేళ్ళు దాటిన పిల్ల వేలు పెట్టి చూపిస్తుంది. దానికి ఏ భాషా అక్కర్లేదు. ఇంకా చిన్నపిల్లలకైతే మొహం, కాళ్ళు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకుంటుందా అన్నవి చూసి 10కి ఎంత అని సిస్టర్లు లెక్కేస్తారు. మీరు చూసింది వాళ్ళకి చెప్పండి. రాత్రంతా పక్కన ఉండేది మీరే.

నా ఎంపిక

ముందే తెలిసిన సూదికి క్రీము, ఒడి, ఒక పని. మూడూ కలిపితేనే. ఒక్కటే ఎంచుకోమంటే ఒడి. ఎమర్జెన్సీలో క్రీము సంగతి మర్చిపోయి ఒడి, ఊపిరి, నిజం. చంటిపిల్లకి పాలు. అరగంట నొప్పికి మందు, మొహమాటం లేకుండా. ఫోను అన్నిటి తర్వాత, బ్యాటరీ ఉంటే.

సంచీలో ఏముంటుందని అడుగుతుంటారు. క్రీము, ప్లాస్టర్, చిన్న తువ్వాలు, నీళ్ళ సీసా, బుడగల డబ్బా, ఇంకా ఓ చిన్న సీసాలో కొబ్బరి నూనె. ఈ నూనె చివర్లో కావాలి. చేతికి అట్టముక్క కట్టి దాని చుట్టూ వేసిన టేపు సాయంత్రం పీకేటప్పుడు సూది కంటే ఎక్కువ ఏడుస్తారు. కాన్యులా రంధ్రానికి తగలకుండా టేపు అంచుల్లో నూనె రాసి ఐదు నిమిషాలు ఆగితే వెంట్రుకలు లాగకుండా ఊడొస్తుంది.

పోయిన నెల మా పక్క మంచం మీదికి మునిగుడ నుంచి ఒక పిల్లాడొచ్చాడు, ఎనిమిదేళ్ళు ఉంటాయి. మా వాడి స్టేషన్ల ఆట చూసి తనకీ కావాలన్నాడు. గుణుపూర్ రైలు వాడికి తెలీదు. వాళ్ళ నాన్న విజయనగరంలో పనికి పోతాడట, ఆ రైలు తెలుసు. ఇద్దరూ కూర్చుని కట్టారు: మునిగుడ, బిస్సంకటక్, తెరువలి, సింగాపూర్ రోడ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి. దిదీ పసుపు రంగు కాన్యులా విప్పుతుంటే మా వాడు ఒడియాలో స్టేషను స్టేషనుకీ "తాపరె?" (తరువాత?) అని అడుగుతున్నాడు. రాయగడలో కాన్యులా దిగింది. పార్వతీపురం అనడానికి వాడికి కొంచెం టైము పట్టింది.